బొటనవేలి వాటా

ఏప్రిల్ వచ్చినా సరస్సు ఇంకా కరగలేదు.
షెడ్డులో కిరోసిన్ హీటరు, దాని పక్కన నీలం డార్ట్,
డార్ట్ కింద నేను.
స్టూలు మీద స్కాఫ్తి మామయ్య
కాఫీ కప్పు రెండు చేతులతో పట్టుకుని.
ఒక చేత్తో పట్టుకోవడం మానేసి ఏడాదైంది.
ఆ సంగతి మేమిద్దరం ఎత్తుకోం.

బల్ల మీద మూడు స్విచ్చులు పరిచాను.
ఒకటి ఎర్ర మూతున్న టాగుల్,
మూతెత్తి నొక్కితే యుద్ధవిమానం నడిపినంత డాబు.
ఒకటి స్టీరింగుకి బిగించే గుండ్రటి బొత్తాం,
ఇరవై రెండేళ్లుగా ఆయన వేలు అరగదీసినదానికి తోబుట్టువు.
మూడోది అగ్గిపెట్టెలో సగం కూడా లేని మైక్రోస్విచ్,
నల్లటి ఒళ్లు, వీపు మీద మీసమంత రేకు.
"ఇదేంటి, ఎలకల బోనులోంచి ఊడబెరికావా?"

"కార్బురేటరు పక్కన కూర్చుంటుంది" అన్నాను.
"పెడల్ నేలకి ఆనితేనే టిక్కుమంటుంది.
ముప్పావు తొక్కితే నోరు విప్పదు."
"అంటే నైట్రస్ ఎప్పుడు వదలాలో కాలు చెప్తుందా?"
"అవును."
"కాలికేం తెలుసు!"

నిజమే, వేలికి తెలుసు.
మంచుకి బెజ్జం వేసి దారం వదిలితే
ముట్టింది చేపో, కదిలింది ఒట్టి నీళ్లో
ఆ బొటనవేలే తేల్చేది.
టైరుకి నేల పట్టు దొరికిన క్షణమూ అంతే,
చెవికంటే ముందు, కంటికంటే ముందు.

పోయిన ఆగస్టులో,
విమానాలు దిగడం మానేసిన రన్‌వే మీద
పసుపు దీపాల ముందు నిలబడ్డాడు.
ఇంజను ఇంకా కునికిపాట్లలోనే ఉంది.
ఎవరూ నొక్కమనలేదు.
వేలు నొక్కింది.
ఢామ్మని హుడ్ స్కూపు
గంగాళం మూతలా లేచి పక్క లేనులో పడింది.

వైర్లు కలిసిపోయాయన్నాడు అందరితో.
రూల్ బుక్కు చంకలో పెట్టుకు తిరిగే బోహ్దాన్
వైర్లకేసి చూడలేదు, నాకేసి చూశాడు.
చలికాలమంతా ఆ వైరుని జానెడు జానెడు తడిమాను.
దాని తప్పేం లేదు.

బ్యాటరీ నుంచి ఫ్యూజు, ఫ్యూజు నుంచి టాగుల్,
టాగుల్ నుంచి నల్ల మీసంగాడు, అక్కణ్నుంచి రిలే.
ఎర్ర మూత ఎత్తకపోతే ఎవడి మాటా చెల్లదు.
ఎత్తినా, కాలు ఒప్పుకోకపోతే చెల్లదు.
సీసా బిరడా బిగించేసి, సోలనాయిడ్ల వైరు పీకేసి,
టెస్ట్ ల్యాంపు తగిలించి "తొక్కు" అన్నాను.

తొక్కాడు. చీకటి.
బ్రాకెట్టుని పట్టకారుతో వెంట్రుకవాసి వంచాను.
తొక్కాడు. సగం దారిలోనే వెలిగింది, పనికిరాదు.
మళ్లీ వంచాను. వేలు కోసుకున్నాను. తిట్టుకున్నాను.
తొక్కాడు.
అట్టడుగున, ఇక నొక్కడానికి చోటు లేనప్పుడు
వెలిగింది.
అలాగే పట్టుకున్నాడు, చాలాసేపు.
దీపం రవ్వంత కూడా వణకలేదు.
సీట్లోంచి ఆయన దాన్నే చూస్తున్నాడు.

పాత బొత్తాం విప్పబోతే స్టీరింగు మీద చెయ్యి అడ్డం పెట్టాడు.
మాట్లాడలేదు. పెట్టాడంతే.
నేను స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని
ఆ రాత్రి ఇంకో వైరు లాగాను.
బొత్తాం నుంచి పర్జ్ వాల్వుకి.
గొట్టంలో గాలి వెళ్లగొట్టి తెల్ల పొగ చిమ్మడం,
అంతవరకే దాని పెత్తనం.

జూన్‌లో మళ్లీ ఆ రన్‌వే.
గీత దగ్గర ఆగి వేలు ఆన్చాడు.
హుడ్ పక్కనుంచి పొగ ఒక్క ధారగా రాలేదు,
బుస్, బుబుస్, బుస్‌బుస్ అని
తునకలు తునకలుగా ఎగిరింది.
కంచె దగ్గర జనం ఈల వేశారు.
ఆకుపచ్చ దీపం పడ్డాక మిగిలింది కాలు చూసుకుంది.

పక్క లేను కుర్రాడు ఓడిపోయి కూడా వెతుక్కుంటూ వచ్చాడు:
"ఆ పొగ దరువు ఎలా వేశారు? నాకూ చెప్పరూ?"
"అది నేర్పితే వచ్చేది కాదబ్బాయ్" అన్నాడు మామయ్య.

ఫ్లాస్కు వంచి
కప్పు సగమే నింపి ఇచ్చాను.